ఇంకా రూపు కట్టని కుర్రాడిని ఎంచుకోవడం, నిలబెట్టడం: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ డ్రాఫ్టుకు సమగ్ర మార్గదర్శి

ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్టు, అంటే క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమం, అనగానే మనకు ఐపీఎల్ వేలం గుర్తుకు రావడం సహజమే గానీ, రెండింటి స్వభావం పూర్తిగా వేరు. ఐపీఎల్‌లో ఎక్కువ డబ్బు పెట్టిన జట్టుకు ఆటగాడు దక్కుతాడు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో వేలం ఉండదు, వంతు మాత్రమే ఉంటుంది. ఆ సీజన్‌లో పట్టిక అడుగున మిగిలిన జట్టుది మొదటి వంతు, విజేతది చివరి వంతు. 1986 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిలో, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి పద్దెనిమిదేళ్లు నిండే కుర్రాళ్లు పేర్లు నమోదు చేసుకుంటారు. ఏ క్లబ్బు తమ పేరు పిలిస్తే ఆ క్లబ్బుకు వెళ్లవలసిందే. పెర్త్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడు వారం తిరక్కుండానే బ్రిస్బేన్‌లో కాపురం పెట్టవలసి రావచ్చు.

నవంబరులో జరిగే ఆ డ్రాఫ్టులో మొదటి ఇరవై పేర్లు దాదాపు అందరికీ ముందే తెలుసు. పద్దెనిమిది క్లబ్బుల పరిశీలకులూ వాళ్లను రెండేళ్లుగా చూస్తూనే ఉంటారు. ఈ మార్గదర్శి వాళ్ల గురించి కాదు. ఎత్తు ఉండి కండ పట్టనివాడు, వేగం ఉండి ఆట తెలియనివాడు, గాయంతో ఏడాది పోగొట్టుకున్నవాడు, బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి వచ్చి కోలబంతిని ఇంకా పరిచయం చేసుకుంటున్నవాడు, ఇలా ఈ రోజు ఆటగాడు కాకపోయినా నాలుగేళ్లకు కాగలడనిపించే కుర్రాడిని ఎలా చూడాలి, ఎప్పుడు తీసుకోవాలి, తీసుకున్నాక ఏం చేయాలి అన్నదే ఇక్కడి విషయం. ఎంపిక ఒక్క రాత్రి తీసుకునే నిర్ణయం, తయారీ నాలుగేళ్ల పని అన్నది నా నమ్మకం. రెండోదానికి ఏర్పాట్లు లేని క్లబ్బు మొదటిదాని జోలికి పోకూడదు. కింది మెట్లన్నీ మీరు ఒక క్లబ్బు జాబితా నిర్వహణ బల్ల దగ్గర కూర్చున్నారనుకుని రాసినవి.

మొదటి మెట్టు: ముందుగా మీ జాబితాను చదవండి

కుర్రాడిని చూడడానికి మైదానానికి వెళ్లేముందు మీ సొంత జాబితాను ముందు పెట్టుకోవాలి. ఏఎఫ్ఎల్ క్లబ్బుకు ప్రధాన జాబితాలో 36 నుంచి 38 మంది, దాని వెనుక రూకీ (కొత్తవాళ్ల) అదనపు జాబితాలో మరికొందరు, మొత్తం నలభై పైచిలుకు మంది ఉంటారు. మైదానంలో ఒకేసారి ఆడేది పద్దెనిమిది మంది. మిగిలినవాళ్లలో సగం మంది గాయాలతోనో, ఫామ్ లేకనో బయట ఉన్న వారాలు ఏటా వస్తాయి. అలాంటప్పుడు నాలుగేళ్ల తర్వాత గానీ అక్కరకు రాని కుర్రాళ్లకు ఎన్ని స్థానాలు కేటాయించగలరో నిజాయతీగా లెక్క వేయాలి. నా అంచనాలో ఏ సమయంలోనైనా నలుగురైదుగురికి మించి ఉంటే ఆ భారం జట్టు మోయలేదు.

స్థానాల లెక్క కంటే గట్టి లెక్క మరొకటి ఉంది. రక్‌మన్‌ను తీసుకుందాం. గాలిలోకి లేచిన బంతిని ఎదుటి పొడగరికంటే ముందు అందుకుని తన మిడ్‌ఫీల్డర్ల వైపు తట్టడం అతని పని. ద్వితీయ శ్రేణి జట్టులో ఆ పని చేసేవాడు ప్రధానంగా ఒక్కడే. మీ జాబితాలో ఇద్దరు లేత రక్‌మన్‌లు ఉండి, గాయం నుంచి కోలుకుంటున్న సీనియర్ కూడా అదే జట్టులో ఆడవలసి వస్తే, పిల్లలిద్దరూ ముందువరుస మూలకు జరిగి బంతి కోసం ఎదురుచూస్తూ ఏడాది గడిపేస్తారు. ఆ ఏడాది ఎవరి లెక్కలోనూ కనిపించదు గానీ, పోయినట్టే. కాబట్టి అదే స్థానంలో మీ సీనియర్ ఎప్పుడు రిటైర్ అవుతాడో చూసి, దానికి మూడు నాలుగేళ్ల ముందు ఒక్కరినే తీసుకోండి. ఇద్దరు ముగ్గురిని ఒకేసారి తీసుకుని, ఎవరు నిలబడితే వాళ్లు అని వదిలేయడం జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ, నిజానికి ముగ్గురికీ ఆట దొరక్కుండా చేయడమే.

రెండో మెట్టు: ఏది లోపించిందో పేరు పెట్టి చెప్పండి

రూపు కట్టని కుర్రాళ్లందరూ ఒకే రకం కాదు. ‘ఇతనిలో సత్తా ఉంది’ అని రాసిన నివేదికను నేనైతే వెనక్కి పంపుతాను. సత్తా ఉంటే ఇంకా ఎందుకు బయటపడలేదో చెప్పలేని నివేదిక పనికిరాదు.

కొందరిలో లోపించింది వయసు. జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా ఉన్నా, డ్రాఫ్టులో ఇద్దరినీ ఒకే తూకంలో వేస్తారు. పదిహేడేళ్ల వయసులో ఏడాది అంటే ఐదారు కిలోల కండ కావచ్చు. కొందరిలో లోపించింది ఆట. గాయంతో ఒక సీజన్ పోతే పరిశీలకుల పుస్తకాల్లో వాళ్ల పేరు కిందకు జారుతుంది. కొందరికి శరీరం ఎత్తుగా పెరిగి, దాన్ని వాడుకునే నేర్పు ఇంకా రాలేదు. మరికొందరు అసలు ఈ ఆటే ఆడలేదు. వీళ్లందరికీ భిన్నంగా, వయసూ నేర్పూ రెండూ ఉండి, పద్దెనిమిదేళ్లప్పుడు ఎవరి కంటా పడక రాష్ట్ర లీగుల్లో ఆడుతున్న ఇరవైమూడేళ్లవాళ్లూ ఉన్నారు. జీలాంగ్ 2016లో 40వ పిక్‌తో, అంటే డ్రాఫ్టులో నలభయ్యో ఎంపికగా, తీసుకున్న టామ్ స్టీవర్ట్ ఆ కోవలోనివాడు. ఆయన తర్వాత, ఏటా సీజన్‌లోని మేటి ఆటగాళ్లతో ప్రకటించే ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులో పలుమార్లు చోటు సంపాదించాడు.

రక్‌మన్ మాక్స్ గాన్ కథలో ఈ లోపాలు ఎన్నో కలిసి కనిపిస్తాయి. 1991 డిసెంబరు 30న పుట్టినవాడు, అంటే ఆ ఏటి డ్రాఫ్టులో అందరికంటే చిన్నవాళ్లలో ఒకడు. రెండు మీటర్లు దాటిన ఎత్తు, దానికి తగ్గ కండ లేదు. మెల్‌బోర్న్ 2009లో 34వ పిక్‌తో తీసుకుంది. తొలి మ్యాచ్ 2011లో ఆడాడు. ఆ తొలి ఏళ్లలోనే మోకాలి గాయాలు నెలల తరబడి కూర్చోబెట్టాయి. మొదటిసారి ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులోకి వచ్చింది 2016లో. 2021లో, 57 ఏళ్ల తర్వాత మెల్‌బోర్న్ ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచినప్పుడు ఆయనే కెప్టెన్. ఎంపికకూ తొలి గుర్తింపుకూ మధ్య ఏడు సీజన్లు గడిచాయి. మూడో ఏట ఎవరైనా కలం తీసి ఆ పేరు కొట్టేసి ఉంటే, ఆ రోజుకు వాళ్ల దగ్గర కారణాలకు కొదవ ఉండేది కాదు.

మూడో మెట్టు: మైదానం దగ్గర నిలబడి చూడండి

వీడియో అన్నీ చూపించదు. కెమెరా బంతి వెంట పోతుంది, మీ కళ్లు కుర్రాడి వెంట పోవాలి. విక్టోరియా కుర్రాళ్లయితే టాలెంట్ లీగ్ మ్యాచ్‌లు, దక్షిణ, పశ్చిమ ఆస్ట్రేలియాలవాళ్లయితే అక్కడి రాష్ట్ర లీగుల జూనియర్ మ్యాచ్‌లు, అందరికీ కలిపి పద్దెనిమిదేళ్ల లోపు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు మీ కార్యక్షేత్రం. ఒక కుర్రాడిని కనీసం మూడు రకాల రోజుల్లో చూడాలి. బాగా ఆడిన రోజు, బంతి అతని దగ్గరికే రాని రోజు, వాన పడి బంతి జారుతున్న రోజు. మూడింటిలో రెండోది నాకు ఎక్కువ విషయం చెబుతుంది. బంతి అందనప్పుడు అతను నడుస్తున్నాడా, పరుగెత్తి ఎదుటివాడిని అడ్డుకుంటున్నాడా, కిందపడ్డాక ఎంతసేపటికి లేస్తున్నాడు అన్నవి ఏ గణాంకాల పట్టికలోనూ ఉండవు.

ఇక బంతిని తన్నే తీరు. మొదటి సీజన్లలో శిక్షకుల సమయాన్ని ఇది ఎంతగానో తింటుంది కాబట్టి దీన్ని దగ్గర నుంచి పరిశీలించాలి. కోలబంతిని రెండు చేతులతో పట్టి, తన్నే కాలి వైపు చేత్తో కిందికి తీసుకువెళ్లి వదులుతారు. ఆ చేయి బంతిని ఎంత కిందివరకు తోడ్కొని పోతే, బంతి గాలిలో ఒంటరిగా ఉండే దూరం అంత తగ్గుతుంది, పాదం మీద అంత సరిగ్గా పడుతుంది. నడుము ఎత్తులోనే వదిలేస్తే గాలికీ, పరుగు ఊపుకూ బంతి పక్కకు వాలి, కాలికి ఎక్కడో తగిలి వణుకుతూ పోతుంది. రెండో చెయ్యి చివరి క్షణంలో బంతిని అడ్డంగా నెడుతోందా చూడండి. కాలివేళ్లు చాచి పాదం గట్టిగా బిగుసుకుందా, వదులుగా ఊగుతోందా చూడండి. ఎత్తులో వదలడం అలవాటే గనక ఓపికగా దిద్దితే పోతుంది. అలసిపోయినప్పుడూ, మీద పడేవాడు కనిపించినప్పుడూ మాత్రమే చెయ్యి తడబడితే ఆ లోపం మొండిది. అందుకే చివరి క్వార్టర్ అయ్యేదాకా మైదానం వదలకూడదు.

నేర్పగలిగేవాటిని, నేర్పలేనివాటిని రెండు వేర్వేరు పేజీల్లో రాసుకోండి. తన్నే తీరు, హ్యాండ్‌బాల్ (బంతిని పిడికిలితో కొట్టి అందించడం), ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పరుగు మొదలుపెట్టాలి అన్నవి చాలామేరకు నేర్పగలం. గాలిలో బంతి ఎక్కడ పడుతుందో అందరికంటే ఒక్క అడుగు ముందే పసిగట్టడం, వెనక్కి పరుగెత్తుతూ ఎదురుగా ఎవరు వస్తున్నారో తెలియకుండా చేతులు చాచడం, గుద్దుకున్నా కాళ్లమీద నిలబడగలగడం, వీటిని మెరుగుపరచగలం గానీ లేనిచోట పుట్టించడం కష్టం. రెండో పేజీ ఖాళీగా ఉంటే ఎత్తు ఎంత ఉన్నా ఆ పేరు పక్కన పెట్టండి.

నాలుగో మెట్టు: కొలతలతో ప్రశ్నలు వేయండి

డ్రాఫ్టుకు ముందు జరిగే కంబైన్‌లో 20 మీటర్ల పరుగు, నిలబడి ఎగరడం, పరుగెత్తి ఎగరడం, చురుకుదనం పరీక్ష, 2 కిలోమీటర్ల పరుగు వంటివి కొలుస్తారు. 20 మీటర్లు మూడు సెకన్ల లోపు పరుగెత్తినవాడి పేరు వెంటనే పత్రికలకు ఎక్కుతుంది. ఈ అంకెలను తీర్పులుగా తీసుకుంటే మోసపోతారు. మైదానంలో నెమ్మదిగా కనిపించినవాడు పరీక్షలో వేగంగా పరుగెత్తితే, మ్యాచ్‌లో ఆ వేగం ఏమైపోతోందో అడగాలి. ఆట చదవలేక ఆలస్యంగా కదులుతున్నాడా, లేక సరైన చోట ముందే ఉండడం వల్ల పరుగెత్తే అవసరం రావడం లేదా? మొదటిది చెడ్డ వార్త, రెండోది మంచి వార్త. అంకె రెండింటికీ ఒకటే.

ఇటీవలే పొడవు పెరిగిన పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఒక్క ఏడాదిలో బాగా ఎదిగినవాడికి చేతులూ కాళ్లూ కొంతకాలం మాట వినవు. ఆ సమయంలో అతని కొలతలు, ఆట రెండూ తగ్గినట్టు కనిపించవచ్చు. రెండేళ్ల కొలతలు పక్కపక్కన పెట్టి, తల్లిదండ్రుల, అన్నదమ్ముల ఎత్తు తెలుసుకుని, మార్పు ఏ దిశలో ఉందో చూసి నిర్ణయించండి.

ఐదో మెట్టు: ఇల్లు, శరీరం, మాట

వైద్య నివేదికను వైద్యుడికే వదిలిపెట్టండి. మోకాలి శస్త్రచికిత్స జరిగినవాడి విషయంలో మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ గాయం వల్ల అతను కోల్పోయింది కాలమా, సామర్థ్యమా? కాలమే అయితే ధర తగ్గిన మంచి ఆటగాడు దొరికినట్టు.

ఇంటర్వ్యూలో అందరూ అడిగే ప్రశ్నలకు ఏజెంట్లు సమాధానాలు నేర్పే పంపుతారు. మీ నిర్ణయానికి నిజంగా పనికొచ్చేది బడిలో శారీరక శిక్షణ ఉపాధ్యాయుడు, స్థానిక క్లబ్బులో దుస్తులు, సామాను చూసుకునే పెద్దాయన, ఒకప్పటి కోచ్ చెప్పే మాట. విమర్శను ఈ పిల్లవాడు ఎలా తీసుకుంటాడు, జట్టు నుంచి తప్పించిన వారం ఎలా ఉన్నాడు అని వాళ్లను అడగండి. నాలుగేళ్లలో సగం కాలం అతనికి వినపడేది ‘ఇంకా కాదు’ అన్న మాటే కాబట్టి, ఆ మాట వినగలిగే స్వభావం ఉందో లేదో ఇప్పుడే తెలియాలి.

ఇంటి బెంగను తక్కువ అంచనా వేయకండి. 2013 సీజన్ ముగిశాక బ్రిస్బేన్ లయన్స్ నుంచి ఒకేసారి ఐదుగురు యువ ఆటగాళ్లు వెళ్లిపోయారు. సామ్ డోచర్టీ కార్ల్‌టన్‌కు, ఎలియట్ యో వెస్ట్ కోస్ట్‌కు, జారెడ్ పోలెక్ పోర్ట్ అడిలైడ్‌కు, బిల్లీ లాంగర్ సెయింట్ కిల్డాకు, పాట్రిక్ కార్నెజిస్ కాలింగ్‌వుడ్‌కు. యో 2018లో వెస్ట్ కోస్ట్ తరఫున ప్రీమియర్‌షిప్ గెలిచాడు, డోచర్టీ కార్ల్‌టన్‌కు సహ కెప్టెన్ అయ్యాడు. వాళ్లను గుర్తించిన కళ్లు సరైనవే. నిలుపుకోవడమే కుదరలేదు. దూరప్రాంతపు కుర్రాడిని తీసుకునేటప్పుడు, అతను ఎవరి ఇంట్లో ఉంటాడు, తల్లిదండ్రులు ఏడాదిలో ఎన్నిసార్లు రాగలరు, ఆట కాకుండా వారంలో ఇంకేం చేస్తాడు అన్న మూడు ప్రశ్నలకు డ్రాఫ్టుకు ముందే సమాధానం రాసి ఉంచాలి.

ఆరో మెట్టు: ఏ తలుపు గుండా తీసుకురావాలి

ఒకే కుర్రాడిని క్లబ్బులోకి తేవడానికి దారులు చాలా ఉన్నాయి, వాటి ధర వేర్వేరు. జాతీయ డ్రాఫ్టులో ఆలస్యంగా వచ్చే పిక్ ఒక దారి. 1990లో జేమ్స్ హర్డ్ 79వ పిక్, 2001లో డేన్ స్వాన్ 58వ పిక్, 2011లో లాకీ నీల్ 58వ పిక్. ముగ్గురూ తర్వాత సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం అందుకున్నారు. అంతకుముందు డ్రాఫ్టులో ఏ క్లబ్బూ తీసుకోకుండా పక్కన పెట్టిన సామ్ మిచెల్‌ను హాథార్న్ 2001లో 36వ పిక్‌తో తీసుకుని నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచింది. ఈ పేర్లు ధైర్యం ఇస్తాయి గానీ, అదే అంకెల దగ్గర పిలుపు అందుకుని ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా వెళ్లిపోయినవాళ్లు వీళ్లకంటే ఎక్కువమంది అన్నది మరవకూడదు.

రెండో దారి రూకీ జాబితా. జాబితాలో ప్రధాన స్థానం ఖర్చు కాదు కాబట్టి, ఎదుగుదలకు కాలం పట్టే పొడగరులకు ఇది సహజమైన చోటు. వెస్ట్ కోస్ట్‌కు డీన్ కాక్స్, జెరెమీ మెక్‌గవర్న్, ఫ్రీమాంటిల్‌కు 211 సెంటీమీటర్ల ఆరన్ శాండిలాండ్స్ ఇలాగే వచ్చారు. మెక్‌గవర్న్ 2010 డిసెంబరులో వచ్చి, తొలి మ్యాచ్ 2014లో ఆడి, 2016లో ఆల్-ఆస్ట్రేలియన్ అయ్యాడు.

మూడోది బి తరగతి రూకీ. మూడేళ్లుగా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో నమోదు కాని, వేరే ఆటల నుంచి లేదా వేరే దేశాల నుంచి వచ్చే వారిని డ్రాఫ్టుతో పని లేకుండా నేరుగా తీసుకోవచ్చు. నాలుగోది 2019లో మళ్లీ మొదలుపెట్టిన, సీజన్ మధ్యలో జరిగే మధ్యకాల డ్రాఫ్టు. ఇది ఇప్పటికిప్పుడు ఖాళీ పూడ్చుకోవడానికే ఎక్కువగా పనికొచ్చినా, ఆ తొలి ఏడాదే రిచ్‌మండ్ 13వ పిక్‌తో సౌత్ ఫ్రీమాంటిల్ నుంచి తెచ్చిన మార్లియన్ పికెట్, 27 ఏళ్ల వయసులో, ఆ ఏటి గ్రాండ్ ఫైనల్‌లోనే తొలి మ్యాచ్ ఆడి గెలిచాడు. గ్రాండ్ ఫైనల్‌తో ఆరంభించిన ఆటగాడు 1952 తర్వాత అప్పటిదాకా మరొకరు లేరు.

ధర నిర్ణయించేటప్పుడు ఇతర క్లబ్బుల లెక్కలు కూడా తెలియాలి. తండ్రి వంద మ్యాచ్‌లు ఆడిన క్లబ్బుకే కొడుకు వెళ్లే వీలు కల్పించే తండ్రి-కొడుకుల నిబంధన, క్లబ్బుల అకాడమీ పిల్లల నిబంధన ఉన్నాయి. ప్రతి పిక్‌కూ పాయింట్లలో ఒక విలువ ఉంటుంది. వాళ్ల కోసం వేరే క్లబ్బు పిలుపు ఇస్తే, సొంత క్లబ్బు తన పిక్‌లతో ఆ పిక్‌కు సరితూగే పాయింట్లు చెల్లించాలి. 2021లో నిక్ డైకోస్ కోసం నాలుగో పిక్ దగ్గర పిలుపు వచ్చినప్పుడు కాలింగ్‌వుడ్ తన పిక్‌లను కూడబెట్టి చెల్లించింది. ఇలాంటి అవసరం ఉన్న క్లబ్బులకు డ్రాఫ్టు మధ్యలోని పిక్‌లు కుర్రాళ్లకంటే పాయింట్లుగానే విలువైనవి. అలాంటి రాత్రి మీ పిక్ అమ్మితే ఎక్కువ వస్తుందా, మీ కుర్రాడు ఇంకో పది పేర్ల తర్వాతా మిగులుతాడా అన్నది ముందే తేల్చుకోండి. మీకు తప్ప ఎవరికీ అక్కర్లేని కుర్రాడిని తొందరపడి ముందే పిలవడం వృథా. ఇంకొకరి కళ్లు కూడా అతని మీద ఉన్నాయని తెలిసీ ఆలస్యం చేయడం అంతకంటే చెడ్డది.

ఏడో మెట్టు: మొదటి రెండేళ్లు

ఇక్కడి నుంచే అసలు పని. మొదటి ప్రీ-సీజన్‌లో లేత శరీరానికి సీనియర్ల భారం మోపితే వెన్నులోనో, పాదంలోనో ఎముక చిట్లుతుంది. వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాడో, ఎన్నిసార్లు తన్నాడో, ఎన్నిసార్లు ఎగిరాడో లెక్క రాసి, నెమ్మదిగా పెంచాలి. జిమ్‌లో బరువు పెంచే తొందర మరీ ప్రమాదం. ఎనిమిది కిలోల కొత్త కండతో వచ్చినవాడు పాత ఎగురుడు మరిచిపోయిన ఉదాహరణలు ఈ ఆటలో కావలసినన్ని.

రెండోది, ఆడే చోటు. విక్టోరియా క్లబ్బులూ సిడ్నీ, క్వీన్స్‌లాండ్ క్లబ్బులూ తమ ద్వితీయ జట్లను వీఎఫ్ఎల్‌లో (విక్టోరియా లీగ్) ఆడిస్తాయి. అడిలైడ్ జట్లు రెండూ దక్షిణ ఆస్ట్రేలియా లీగైన ఎస్ఏఎన్ఎఫ్ఎల్‌లో, పెర్త్ జట్లు పశ్చిమ ఆస్ట్రేలియా లీగైన డబ్ల్యూఏఎఫ్ఎల్‌లో. ఈ మ్యాచ్‌లను గెలుపు కోసం మాత్రమే ఆడిస్తే కుర్రాడికి ఉపయోగం ఉండదు. ప్రతి వారం ఒకే ఒక్క పని అప్పగించాలి. ఈ శనివారం బంతి నేల మీద పడ్డాక రెండో ప్రయత్నం, వచ్చే శనివారం ఎదుటివాడి శరీరాన్ని ముందుగా తాకడం. సోమవారం ఆ ఒక్క పనికి సంబంధించిన వీడియోనే చూపించాలి. పది తప్పులు ఒకేసారి చూపిస్తే పిల్లవాడికి గుర్తుండేది అవమానమే.

ఈ ఓపికకు అన్నిటికంటే పాత, మంచి ఉదాహరణ జిమ్ స్టైన్స్. ఐర్లాండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడే ఈ డబ్లిన్ కుర్రాడు 1984లో పద్దెనిమిదేళ్ల వయసులో మెల్‌బోర్న్ వచ్చాడు. గుండ్రని బంతికి అలవాటుపడిన చేతులకు కోలబంతి లొంగలేదు. 1986లో అతన్ని వీఎఫ్ఏ అనే కింది స్థాయి పోటీలోని ప్రహ్రాన్ క్లబ్బుకు పంపి, అక్కడ వారం వారం ఆడించారు. 1987లో మొదటి జట్టులోకి వచ్చాడు. ఆ ఏడాది ప్రిలిమినరీ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) చివరి క్షణాల్లో, గోల్ కోసం తన్నబోతున్న హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకు అడ్డంగా పరుగెత్తడంతో అంపైర్ 15 మీటర్ల జరిమానా విధించి, బంతిని గోల్‌కు అంత దగ్గర చేశాడు. హాథార్న్ ఆ గోల్‌తో గెలిచింది. ఒక పుట్టు ఆటగాడు చేయని ఆ పొరపాటు చూసి, పరాయి ఆట నుంచి తెచ్చిన కుర్రాడిని వదిలేయడం క్లబ్బుకు చాలా తేలిక. వదల్లేదు. 1991లో స్టైన్స్ బ్రౌన్‌లో పతకం అందుకున్నాడు, వరుసగా 244 మ్యాచ్‌లు ఆడిన రికార్డు నెలకొల్పాడు.

వేరే ఆటల నుంచి వచ్చేవారికి ఒక్క మాట ప్రత్యేకంగా. వారి పాత ఆటలోని ఏ ఒక్క నేర్పు ఇక్కడ పనికొస్తుందో దాని చుట్టూనే కట్టుకుంటూ పోవాలి. ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడిన మేసన్ కాక్స్‌ను కాలింగ్‌వుడ్ 2014లో తీసుకుంది. 211 సెంటీమీటర్ల ఎత్తు, చాచిన చేతులతో పైనే బంతిని అందుకోవడం, ఇవే అతని పెట్టుబడి. 2016లో ఆన్‌జాక్ డే (యుద్ధవీరుల సంస్మరణ దినం) మ్యాచ్‌లో ఆరంభించి, 2018 ప్రిలిమినరీ ఫైనల్ రెండో క్వార్టర్‌లో రిచ్‌మండ్ మీద మూడు గోల్స్ కొట్టి, 2023లో ప్రీమియర్‌షిప్ ఆటగాడయ్యాడు. దానికి విరుద్ధంగా, రగ్బీ లీగ్ నుంచి భారీ ప్రచారంతో వచ్చిన ఇజ్రాయెల్ ఫొలావ్ 2012లో జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) తరఫున 13 మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోయాడు. వెనుక జట్టులో కనపడకుండా నేర్చుకునే వీలు అంత పేరున్నవాడికి ఎక్కడిది?

మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల పిల్లలు చిన్నారులకు ఈ ఆట నేర్పే ఆస్‌కిక్ శిబిరాలకు వెళ్తున్నారు. ఆదివాసీ, వలస కుటుంబాల పిల్లల కోసం క్లబ్బులు నడిపే నెక్స్ట్ జనరేషన్ అకాడమీల గురించి ఆ తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది. క్రికెట్‌లో ఎత్తుగా లేచిన క్యాచ్ కింద నిలబడిన పిల్లవాడికి బంతి గమనాన్ని అంచనా వేసే కన్ను అప్పటికే వచ్చి ఉంటుంది. నేర్పలేనివాటి పేజీలో మొదట రాసుకోవలసింది అదే.

ఎనిమిదో మెట్టు: తొలి మ్యాచ్ ఎప్పుడు

తొలి మ్యాచ్‌ను బహుమతిగానో, అభిమానుల కోరిక తీర్చడానికో ఇవ్వకండి. 2008లో మొదటి పిక్‌గా వచ్చిన జాక్ వాట్స్‌ను మెల్‌బోర్న్ 2009లో, ఇంకా బడిలో చదువుతుండగానే, కాలింగ్‌వుడ్‌తో జరిగిన క్వీన్స్ బర్త్‌డే మ్యాచ్‌లో దించింది. అంత జనం ముందు, అంత లేత శరీరంతో, మీద పడుతున్న పెద్దవాళ్ల మధ్య ఆ కుర్రాడు పడ్డ అవస్థ చూసినవాళ్లు మరిచిపోలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతను ఏం చేసినా ఆ రోజుతోనే పోల్చారు.

మూడు సంగతులు కుదిరిన వారమే దించండి. ద్వితీయ జట్టులో వరుసగా కొన్ని వారాలు తన పని తాను చేసి ఉండాలి. మొదటి జట్టులో అతని పక్కన ఆ స్థానం తెలిసిన సీనియర్ ఉండాలి. ఒకసారి దించాక, పెద్ద గాయమైతే తప్ప రెండు మూడు మ్యాచ్‌లు వరుసగా ఆడించగలగాలి. ఒక్క వారం ఆడించి తీసేస్తే, నేర్చుకున్నదానికంటే భయమే ఎక్కువ మిగులుతుంది.

తొమ్మిదో మెట్టు: ఉంచుకోవడం, వదలడం

మొదటి ఒప్పందం ముగిసే సీజన్ మధ్యలో కూర్చుని, రెండో మెట్టులో రాసిన నివేదికను మళ్లీ తీయండి. అప్పుడు లోపించిందని మీరు పేరు పెట్టింది ఇప్పుడు ఎంత పూడింది అన్నదే కొలత. కండ లేదని రాసి ఉంటే, కండ వచ్చిందా అని చూడాలి. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నది ఆ వయసు రక్‌మన్‌కు కొలతే కాదు. లోపం పూడుతూ ఉండి, ఆట మాత్రం కుదరకపోతే, వదిలేముందు స్థానం మార్చి చూడండి. 2013లో 44వ పిక్‌గా సిడ్నీకి వచ్చిన అలియర్ అలియర్ 2016 దాకా మొదటి జట్టు ముఖం చూడలేదు. వెనుకవరుసలో కుదురుకున్నాడు, 2021లో పోర్ట్ అడిలైడ్ తరఫున ఆల్-ఆస్ట్రేలియన్ అయ్యాడు. మిడ్‌ఫీల్డర్‌కు రెండు మూడు సీజన్లు, ఎత్తైన డిఫెండర్‌కూ ఫార్వర్డ్‌కూ నాలుగు, రక్‌మన్‌కు ఐదు అన్నది నేను పాటించే గడువు. గాయంతో పోయిన ఏడాదిని ఇందులో లెక్కించను.

గడువు నిండి, లోపం అలాగే ఉంటే సీజన్ ముగిసిన వారంలోనే చెప్పేయాలి. ఇతర క్లబ్బుల తలుపులు తెరిచి ఉన్నప్పుడే, అంటే క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే కాలం, జాతీయ డ్రాఫ్టు, రూకీ డ్రాఫ్టు ముగియకముందే అతనికి తెలియాలి. ఆ మాట జాబితా నిర్వాహకుడే ముఖాముఖి చెప్పాలి, ఏజెంటుకు ఫోను చేసి ఊరుకోకూడదు. అతని వైద్య నివేదికల నకళ్లు, రెండేళ్ల శిక్షణ లెక్కలు అతనికే ఇచ్చి పంపండి. రాష్ట్ర లీగులో ఏ క్లబ్బుకు వెళితే అతని స్థానంలో ఆట దొరుకుతుందో మీకు అందరికంటే బాగా తెలుసు కాబట్టి, ఆ క్లబ్బు కోచ్‌తో మీరే మాట్లాడండి. మరుసటి ఏడాది మధ్యకాల డ్రాఫ్టుకు ముందు అతని మ్యాచ్‌లు చూడడానికి ఒక పరిశీలకుడిని పంపడం కూడా ఈ పనిలో భాగమే.